బాగున్నోడి నెత్తురు

ఇప్పుడు ఆ పరీక్ష ఎవరూ చెయ్యరు. పోలీసు యాక్షన్ అయిన కొన్నేండ్లకు మా డాక్టర్ సాబ్ బయటి దేశంల నేర్చుకొచ్చిండు, మనిషికి టీబీ ఉన్నదా లేదా అని నెత్తురుతోని చూసుడు. అఫ్జల్‌గంజ్ సందుల ఆయనకు చిన్న ల్యాబు ఉండె. పరీక్ష పెట్టేది నేనే గనుక నా మాటకు అక్కడ వజన్ ఉండె, నోరు గూడ గట్లనే ఉండె.

పొద్దుగాల కసాయి భాయ్ గొర్రె నెత్తురు తెచ్చేటోడు. గడ్డ కట్టకుండ సీసల గాజు పూసలేసి ఊపి, ఉప్పు నీళ్ళతోని కడిగి, ఎర్ర కణాలు మాత్రం మిగిల్చుకునేదాన్ని. అండ్ల టీబీ పురుగుల సారం కలపాలె. ఆ పురుగులు ఎప్పుడో చచ్చినయి. అయినా వాటి గోడల నుంచి ఊడిన పదార్థం పోయి గొర్రె కణం పైపొరకు అంటుకునేది. ఎంత కడిగినా పోదు. కంటికి కనపడదు. కణం చూస్తె మునుపటి తీర్గనే ఎర్రగ, గుండ్రంగ. నాకైతే ఒళ్ళు జలదరించేది. చచ్చినంక గూడ గింత పట్టా అని డాక్టర్ సాబ్‌ని అడిగిన.

"దానికి బతుకుడుతోని పనిలేదమ్మా, అంటుకునుడే దాని పని" అన్నడు.

తర్వాత ఆ కణాల మీద, మనిషి నెత్తురు గడ్డకట్టినంక పైన తేలిన తేట పోసేది. ఒంట్ల టీబీ ఉంటె, ఆ తేట సారాన్ని గుర్తుపట్టి కణాలను ఒకదానికొకటి గుంజుతది. అవి గుంపుగట్టి ట్యూబు అడుగున చినిగిన గుడ్డ తీర్గ పరుసుకుంటయి. టీబీ లేకుంటె చక్కగ జారి, నడుమ బొట్టు తీర్గ కూసుంటయి. బొట్టు కనపడ్డదంటె మనిషి బతికిపోయినట్టే.

రోగి ట్యూబు పక్కన బాగున్నోడి ట్యూబు గూడ పెట్టాలె, సరిచూసుకోనీకి. బాగున్నోడంటె ఎవరు? మా అన్నే! ఫలక్‌నుమాల తాలీంఖానాల కుస్తీ పట్టేటోడు. పొద్దున లేస్తె బాదాములు, పాలు, దండాలు, బైఠకులు. బస్తీల పిల్లలకు జెరమొస్తె తల్లులు తెచ్చి ఆయన చెయ్యి వాళ్ళ తలమీద పెట్టించుకునేటోళ్ళు. అమ్మ నాయన లేని నన్ను సాది, చదివించింది ఆయనే, నాకున్నది ఆయనొక్కడే. గంత మంచి నెత్తురు ఇంట్ల పెట్టుకొని బయట ఎందుకు ఎతుకుడు? నేనే సూది గుచ్చి తీసుకపోయిన, మస్తు గర్వంగ.

అన్న ట్యూబుల బొట్టు కూసోలే. పరుసుకున్నది.

నాకు కోపం నసాళానికెక్కింది. మరునాడు కసాయి భాయ్ రాంగనే లొల్లి పెట్టిన. "క్యా భాయ్, బీమార్ జాన్వర్ కా ఖూన్ లారే క్యా?" రోగమున్న గొర్రె నెత్తురు తెస్తున్నవా అనేసరికి, తోబా తోబా అని ఆయన చెవులు పట్టుకున్నడు. గొర్రెను మార్చినం. ట్యూబులు ఉడకబెట్టినం. సారం కొత్త సీస తెరిచినం. నెత్తురుకు మళ్ళ పోతె, తీస్కో తీస్కో అని అన్న నవ్వుకుంట చెయ్యి చాపిండు. నవ్వంగ దగ్గొచ్చింది. అఖాడ మట్టి గొంతుల పడ్డదన్నడు. గంతేనేమో అనుకున్న.

మళ్ళ పరుసుకున్నది.

పరీక్ష తప్పితె ఎప్పుడూ కసురుకునే డాక్టర్ సాబ్ ఆ దినం కసురుకోలే. సారం కలపని ఉత్త గొర్రె కణాల మీద అన్న తేట పోయమన్నడు. బొట్టు కూసున్నది. తర్వాత నా నెత్తురు తీయించి, సారం అంటిన కణాల మీద ఆ తేట పోయించిండు. అదీ బొట్టే, నున్నగ. అంటె గొర్రె మంచిదే, సారం మంచిదే. ఆయన కండ్లద్దాలు తుడ్సుకుంట, "మీ అన్నను ఎక్స్‌రేకు తీస్కరా" అన్నడు. మెల్లగ అన్నడు.

ఫలక్‌నుమా దాక ఎట్ల పోయిన్నో తెల్వదు. తాలీంఖాన లోపలికి ఆడోళ్ళు పోవద్దు. గేటు కాడ నిలబడి కబురు పంపిన. లోపల తొడలు చరుసుకునే సప్పుడు, నవ్వులు, నడుమ నడుమ దగ్గు. ఇంట్ల దినాం విన్న దగ్గే. ఆయన చెయ్యి పెట్టించుకున్న పిల్లలు యాదికొచ్చిన్రు. నాకు భయమైంది.

అన్న వచ్చిండు, భుజాల మీద తువ్వాల, ఒళ్ళంత ఎర్ర మట్టి. నా మొఖం చూసి కసాయితోని మళ్ళ లొల్లయిందనుకున్నడు.

"ఏందే, ఇయ్యాల గూడ గొర్రె మంచిది రాలేదా?" అని మోచేతి మీది మట్టి తుడ్సుకొని, చెయ్యి నా ముందల చాపిండు. "ఫికర్ జెయ్యకు. ఎంత గావాల్నో తీస్కో."