సైన్యం బండ్లు బాగుచేసిన మా పెద్దబాపు

పోయిన సోమవారం నేను సూరత్‌లో, బమ్రోలి కార్ఖానాలో మగ్గాల మధ్య ఉండగా మా తమ్ముడు వచ్చాడు. ఆ మోతలో వాడి పెదవులు కదలడం కనిపించింది తప్ప మాట వినపడలేదు. బయటికి వచ్చాక మళ్లీ చెప్పాడు. "పెద్దబాపు పోయిండక్కా." పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకున్న మనిషి అలాగే ఒరిగిపోయాడట. నేను వెళ్లేసరికి పెద్దమ్మ ఆయన నట్లు బిగించే పానాల సంచిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. మీలో ఉధ్నాలో ఉన్నవాళ్లు ఆయనను మగ్గాలు బాగుచేసే మేస్త్రిగా చూసే ఉంటారు. అంతకుముందు చాలా ఏళ్లు ఆయన సైన్యంలో, బండ్లు బాగుచేసే దళంలో మెకానిక్.

పని మొదలుపెట్టే ముందు నేలమీద గుడ్డ పరిచి, నట్లను విప్పిన వరుసలోనే దానిమీద పెట్టేవాడు. ఎవరైనా తొందరపెడితే తల ఎత్తకుండానే, "జర ఆగు. తొందరల బిగించిన నట్టు తొవ్వల ఊడుతది" అనేవాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, వాసన చూసుకుని గాని నా బిడ్డను ఎత్తుకునేవాడు కాదు.

యుద్ధం గురించి అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఒక్క ఆదివారం మాత్రం తనంతట తానే చెప్పాడు. పడమటి సరిహద్దులో, ఎడారిలో ఉన్నారు. ముందున్న సిపాయిలకు నీళ్లు, తిండి, మందుగుండు మోసే లారీలు దెబ్బతిని వీళ్ల దగ్గరికి వచ్చేవి. కొత్త సామాను ఎక్కడో వెనక ఉండిపోయింది. ఇక నడవదనుకున్న లారీని విప్పి, దాని సామానుతో ఇంకోదాన్ని నడిపించాలి. ఒకరోజు నీళ్ల లారీ డీజిల్ పంపు పాడై ఆగింది. పక్కనే నుజ్జయిన లారీ ఒకటి ఉంది. దాని డ్రైవర్ ఆ పొద్దునే చనిపోయాడు. పెద్దబాపుతో ఒకే కంచంలో తిన్న దోస్తు.

"సీటు మీద వాని తువ్వాల అట్లనే ఉన్నది బిడ్డా. మడతబెట్టి పక్కకు పెట్టిన. గప్పుడు పంపు ఇప్పిన."

"మరి నీళ్ల బండి నడిచిందా?"

"నడిచింది. వాడు చేరని కాడికి వాని పంపు చేరింది." తర్వాత, "కొట్లాడినోళ్ల సంగతి అందరు చెప్తరు. చెప్పాలె గూడ. గని నీళ్లు అందకుంటే ఎంత సిపాయైనా ఎన్నొద్దులు నిలబడతడు?" అన్నాడు.

సూరత్‌లో ప్లేగు భయం పుట్టిన ఏడు, ఆయన పని ఏమిటో నా కళ్లతో చూశాను. జనం పట్నం వదిలి పోతున్నారు. మా వాడవాళ్లం కొందరం కలిసి సొంతూరికి పోవడానికి లారీ మాట్లాడుకున్నాం. ఉధ్నా దాటకముందే ఇంజన్‌లోంచి ఆవిరి లేచి లారీ ఆగిపోయింది. వెనక ఇంకా కొన్ని అలాగే ఆగి ఉన్నాయి. అందరం ముక్కులకు గుడ్డలు కట్టుకున్నాం. ఎవరు దగ్గినా అందరి తలలూ అటే తిరుగుతున్నాయి. నా బిడ్డకు అప్పుడు ఏడు నెలలు.

పెద్దబాపు దిగి, పగిలిన నీళ్ల పైపుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాడు. ఇంజన్ మోగాక, పైనున్న తన సంచిని కిందికి అందుకున్నాడు.

"నువ్వు ఎక్కవా పెద్దబాపూ?" అన్నాను.

"ఎనక బండ్లున్నయ్ బిడ్డా. అవి ఆగితే అండ్ల మనుషులు ఆగుతరు. నేను ఇంకో బండిల వస్త."

"నిజంగ వస్తవా?" పెద్దమ్మ అడిగింది.

ఆయన నీళ్ల డబ్బా ఆమె చేతికి ఇచ్చాడు.

ఆయన రాలేదు. ఊళ్లో పెద్దమ్మ రోజూ బస్సులు ఆగే చోటికి పోయి నిలబడేది. మూడు వారాల తర్వాత మేం సూరత్ తిరిగొస్తే, గడ్డం పెరిగి, సగానికి సగం చిక్కి, ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. ఆగిన బండ్లు బాగుచేస్తూ ఇక్కడే ఉండిపోయాడట. పెద్దమ్మ పలకరించకుండా లోపలికి పోయి బియ్యం కడిగింది. ఆయన వెనకే వెళ్లి పొయ్యి వెలిగించాడు. ఆ కోపం తీరడానికి చాలా రోజులు పట్టింది.

నా బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. ఆ పైపు కట్టిన చేతులకు నేను ఎన్నడూ దండం పెట్టలేదు. ఇంట్లో మనిషే కదా అనుకున్నాను.

ఆ రోజు లారీ కదిలినప్పుడు పెద్దమ్మ ముఖం తిప్పుకుంది. నేను వెనక తలుపు పట్టుకుని చూశాను, చెయ్యి ఊపుతాడేమోనని. ఆయన అప్పటికే వెనక లారీ బానెట్ కింద నడుము దాకా వంగి ఉన్నాడు. దుమ్ములో ఆయన వీపు, చెమటకు అంటుకున్న చొక్కా చాలా దూరం దాకా కనిపించాయి.