ఏట్లో ముంచి బిగించిన ముడి

కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నరకు విశాఖ స్టీల్ ప్లాంటు క్వార్టర్స్‌లోని మా ఇంటి నుంచి స్కూటర్ మీద బయలుదేరాను. వెళ్ళాల్సింది శ్రీకాకుళం అవతల, నాగావళి ఒడ్డున ఉన్న మా అక్క ఊరికి. వెంట గాలపు కర్ర, సంచిలో గాలాలు, రెండు రకాల నైలాన్ దారం, ఒక సన్నటి ఉక్కు తీగ చుట్ట. సరంజామా అంతా చేపల కోసమే గానీ, నేను వెళ్తున్నది చేప కోసం కాదు. బావకు చెప్పిన ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి.

నాకు గాలం వెయ్యడం నేర్పింది అక్క భర్త, సూర్నారాయణ బావ. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచేతి వేళ్ళలో పట్టు తగ్గింది. అందుకని నిరుడు ఆయన గాలానికి నేనే ముడి వేశాను. పెద్ద వాలుగ చేప పడింది. బావ ఎడమచేత్తో కర్ర పట్టుకుని, కుడిచేత్తో దారం చుట్టే చక్రం తిప్పలేక తిప్పుతూ ఒడ్డు దాకా తెచ్చాడు. అక్కడ ఉన్నట్టుండి దారం వదులైపోయింది. లాగి చూస్తే కొస జిలేబీ ముక్కలా మెలి తిరిగి ఉంది. వాలుగకు పళ్ళుంటాయి, అది కొరికితే కొస చితికి ఉంటుంది. మెలి తిరిగిందంటే ముడి జారిందని అర్థం. బావ చూసేలోగా ఆ మెలిని నెయిల్ కట్టర్‌తో కత్తిరించేసి, "వాలుగ కొరికేసింది బావా" అన్నాను.

ఆయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. "బేగి లాగనేకపోనాను" అన్నాడు, తన చెయ్యే ఆలస్యం చేసిందన్నట్టు. ఆ రోజు నుంచి మళ్ళీ కర్ర ముట్టలేదు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా అదే చెప్పేది.

ఐదుంపావుకు ఫిషింగ్ హార్బర్ చేరాను. అప్పటికే వేలంపాట జోరుగా ఉంది. ఐసు ఫ్యాక్టరీ గోడ వారగా వలలు బాగుచేసే పోలయ్య నాకు పాత పరిచయం. అసలు నా ముడి ఎందుకు జారిందో తెలుసుకోకుండా బావ ముందు నిలబడలేను. సంచి ఆయన ముందు బోర్లించాను. ఆయన ఉక్కు తీగ ఎత్తి చూసి నవ్వాడు.

"ఇదేటి బాబూ, సేపకా, క్రేనుకా?"

నా ఉద్యోగం క్రేన్ మీదే. మా దగ్గర తాడు ఎంత లావైతే అంత బరువు ఎత్తుతుంది. ఆ లెక్కనే నిరుడు కొట్లో ఉన్న అన్నిటికన్నా లావు నైలాన్ కొని, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ముళ్ళు వేసుకుపోయాను.

"లావు దారానికి ముడి సరిగా కూకోదు" అన్నాడు పోలయ్య. "ఈ తీగ ఒక్కపాలి మడత పడిందంటే ఆడే ఇరిగిపోద్ది. మద్దిరకం దారం సాలు. గోటితో నిమిరి సూడు, గరుకు తగిల్తే పారెయ్." దారం కొసను గాలం కన్నులో దూర్చి, ఐదు చుట్లు తిప్పి, దాని మీద ఉమ్మి, మెల్లగా బిగించాడు. "పొడిగా బిగిత్తే రాసుకుని కాలిపోద్ది. తడపాల. కొస మొదలంటా కొయ్యకు, వడ్లగింజంత ఉంచి ఒగ్గీ."

అప్పుడు నాకు వెలిగింది. బావ ప్రతి ముడినీ ఏట్లో ముంచి బిగించేవాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, అది గంగమ్మకు మొక్కు అనుకున్నాను. ఏట్లో వేసేదానికి ఎంగిలి తగలకూడదన్నది ఆయన నియమం, అందుకే ఉమ్మి బదులు ఏటి నీళ్ళు. ఇంట్లో ఏరు లేదు కనక నేను మొక్కూ పెట్టలేదు, ముడీ తడపలేదు.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో స్కూటర్ స్టాండులో పెట్టి, ఆరూ నలభైకి శ్రీకాకుళం బస్సు ఎక్కాను. పొద్దున పూట ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. పక్క సీటులో సింహాచలంలో గుండు చేయించుకున్న పెద్దాయన నా కర్రను చాలాసేపు చూశాడు.

"సేపలకి ఇంత దూరమేటి బాబూ? ఇశాపట్నంలో సేపలు నేవా?"

"ఉన్నాయి. మా బావే నేడక్కడ" అన్నాను. ఆయన తలూపి కొబ్బరి ముక్క చేతిలో పెట్టాడు.

తొమ్మిదింపావుకు శ్రీకాకుళం, అక్కడి నుంచి ఆటోలో అరగంట. అక్క వంకాయ, ఎండురొయ్యలు కలిపి వండింది. చెబుదామనుకున్న మాట భోజనాల దగ్గర చెప్పలేకపోయాను. మూడు గంటలకు బావను బతిమాలి ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళాను.

"నువ్వెయ్యి బావా. నాను సూత్తాను" అని ఇసకలో కూర్చున్నాడు. మా వైపు బావా బావమరిదీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

"వాలుగ కొరకనేదు బావా" అన్నాను. "నా ముడి జారిపోనాది. మెలి నువ్వు సూడకుండా కత్తిరించీసినాను."

ఆయన కుడిచేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడాది బావా" అన్నాడు. "ఏడాది ఈ సెయ్యిని తిట్టుకున్నాను."

క్షమించమన్నాను. ఆయన ఎడమచెయ్యి చాచాడు. "గాలం ఇలాగియ్యి" అన్నాడు. నేను గాలం పట్టుకుంటే, ఎడమచేత్తో ఐదు చుట్లూ తిప్పాడు. కొస లాగడానికి కుడిచేతికి పట్టు చాలక పళ్ళతో పట్టుకున్నాడు. "ఎంగిలైపోనాది" అని నొచ్చుకుని, మూడుసార్లు ఏట్లో ముంచి మరీ బిగించాడు. ఈసారి గాలం ఆయనే వేశాడు, పడింది మూరెడు కూడా లేని వాలుగ. చక్రం తిప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది, నేను చెయ్యి వెయ్యలేదు. చేప ఒడ్డెక్కాక నాకేసి చూసి, "సెయ్యి బాగానే ఉందిరా" అన్నాడు. బావ నన్ను రా అనడం అదే మొదటిసారి.

నేను బయలుదేరేటప్పుడు ఆ గాలాన్ని జానెడు దారంతో కోసి నా జేబులో పెట్టాడు. "ఫ్యాను కింద కూకుని ఇప్పి సూడు. ముడంటే ఏటో తెలుస్తాది." కర్రా సంచీ బావ దగ్గరే వదిలేశాను.

ఐదింటి బస్సులో గాలాన్ని ముందు సీటు కమ్మీకి తగిలించి దారం గట్టిగా లాగాను. వేలి మీద ఎర్రగా గీత పడింది గానీ ముడి కదల్లేదు. వడ్లగింజంత కొస మీద బావ పంటిగాటు ఉంది. తగరపువలస దాటుతుండగా అక్క ఫోన్ చేసింది.

"సీకటడిపోనాది. మీ బావ కర్రొదిలి ఏటి కాడినించి రానంతన్నాడు. నువ్వైనా సెప్పు."

"ఉండనియ్యే అక్కా" అన్నాను.