వెనక బెంచీ కోసం ఆగిన మనిషి

మా తిరువూరు కాలేజీలో లెక్కలు చెప్పిన గెస్ట్ లెక్చరర్ ఆయన. రోజూ రెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చేవారు. లెక్క పూర్తవగానే బోర్డు వైపు నుంచి తిరిగి, "వెనక బెంచీ, అర్థమైందా?" అని అడిగి ఆగేవారు. ఒక్కరు లేదన్నా బోర్డంతా తుడిచి మళ్ళీ మొదలుపెట్టేవారు.

వీడియో పాఠాలు తయారుచేయడం మీద మా లెక్చరర్లందరికీ వర్క్‌షాప్ పెట్టారు. పర్మినెంటువాళ్ళమంతా బ్యానరు ముందు ఫొటో దిగి, భోంచేసి జారుకున్నాం. ఆయన మాత్రం సాయంత్రం దాకా కూర్చుని నేర్చుకున్నారు. ఖాళీ గదిలో కెమెరాకి పాఠం చెబుతూ, అక్కడా అదే ప్రశ్న వేసి ఆగారట.

"ఈ గ్యాప్ కట్ చేసేద్దాం సార్," అన్నాడట ట్రైనరు.

"వద్దండి. పిల్లలు ఆలోచించుకోవాలి కదా."

సిలబసంతా అలాగే రికార్డు చేసిచ్చారు. ప్రిన్సిపాల్ శాలువా కప్పారు. మరుసటేడు, వీడియోలున్నాయి కదా అని ఆయన్ని పిలవలేదు. ఏమీ నేర్చుకోని మా ఉద్యోగాలు మాత్రం చెక్కుచెదరలేదు.

మొన్న లెక్కల క్లాసు ముందు నుంచి వెళ్తున్నాను. తెర మీద ఆయన ఇటు తిరిగి, ఎప్పట్లాగే అడిగి ఆగారు.

"అర్థం కాలేదు సార్," అంది వెనక బెంచీలో ఒకమ్మాయి.

ఆయన తలాడించి, "మంచిది," అని తర్వాతి లెక్క మొదలుపెట్టారు.