రాయడానికి వీల్లేని డిస్కు

మా అక్కకు ఆసుపత్రిలో అందరూ పెట్టిన పేరు తాళాలమ్మ. ఆవిడ పని సర్వర్లు కాపలా కాయడం. ఏది ఎవరు చూడాలో, ఏది ఎవరు మార్చాలో ఆవిడే తేల్చాలి. ఇంట్లో టీవీ రిమోట్ ముట్టుకోవాలన్నా బావకు అక్క పర్మిషన్ కావాలని మేం ఏడిపించేవాళ్లం.

ఏ మందును ఎంత గాఢతలో, ఎంత వేగంతో ఎక్కించాలో చెప్పే పట్టిక ఒక డిస్కులో ఉంటుంది. ఆ డిస్కును అక్క రెండు చోట్ల మౌంట్ చేసింది, అంటే ఒకే గదికి రెండు తలుపులు పెట్టింది. మందుల గదివాళ్లు తమ తలుపులోంచి పట్టికను మార్చవచ్చు. వార్డులన్నీ పంచుకునే రెండో తలుపు రీడ్-ఓన్లీ, అంటే చదవడానికే. అటునుంచి ఎవరైనా రాయబోతే కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ అక్కడికక్కడే అడ్డుపడుతుంది.

అంతకుముందు నర్సులు ఇద్దరేసి నిలబడి, ఒకరు తెర మీది గాఢత అంకె, ఒకరు సీసా మీది అంకె పైకి చదివేవారు. "దాన్నెవరూ మార్చలేరమ్మా, ఇంకా ఈ అప్పజెప్పడాలెందుకు?" అని అక్క నవ్వింది. వాళ్లు మానేశారు. అప్పుడు మా అక్క గొప్పే అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

బావకు అదే ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ అయింది. మర్నాడు భోజనాల వేళ, నేనూ అక్కా మంచం పక్కనే ఉండగా, నర్సు సీసా మార్చి, తెర చూసి, పంపు వేగం పొద్దుటికి రెట్టింపు పెట్టింది.

"డాక్టరుగారు మందు పెంచమన్నారా?" అని అక్క అడిగింది.

"లేదు మేడం. పట్టికలో ఇలాగే ఉంది."

అక్క ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. వెంటనే మందుల గదికి ఫోన్ చేసింది.

"రేపట్నుంచి పలచటి మందు సీసాలొస్తున్నాయి మేడం. అందుకే పట్టికలో గాఢత సగం చేసి, వేగం రెట్టింపు చేసిపెట్టా," అన్నాడు ఫార్మసిస్టు తాపీగా. "వార్డులకెళ్లేది రీడ్-ఓన్లీ కాపీయేగా? రేపు మీరు పంపితేనే కదా వాళ్లకి మారేది?"

"కాపీ కాదయ్యా బాబూ! అదే డిస్కు! నువ్వు రాస్తే అప్పుడే వాళ్లకి కనబడుతుంది. ముందు పాత అంకెలు పెట్టు!"

"పెడతా మేడం... కానీ నేను మార్చింది పొద్దున్నే కదా, ఈలోపు ఎన్ని సీసాలు మారాయో."

అక్క బావ పంపు ఆపేసింది. బావ నిద్రలోనే ఉన్నాడు, పెదవులు పాలిపోయి ఉన్నాయి. మందు ఎంత లోపలికి పోయిందో డాక్టరు వస్తేగానీ తెలియదు.

వార్డు పొడుగునా నర్సులు సీసాలు మారుస్తున్నారు. "ఆపండి! సీసా మీది అంకె చూడండి!" అని అక్క అరిచింది.

పక్క మంచం నర్సు నవ్వింది. "కంగారుపడకండి మేడం. అది మారదని మీరేగా చెప్పారు," అంటూనే మీట నొక్కేసింది.

అక్క ఆ చేతిని లాగేసేలోపు, పై అంతస్తులో, సీసా ఖాళీ అయితే మోగే పంపు అలారం ఒకటి వేళ కాకముందే మొదలైంది. వెంటనే ఇంకొకటి.