వీట్స్కె చెర్రీ చెట్టు, లుబ్బెర్ట్ ఓక్ చెట్టు

వీట్స్కెకు ఎవరితోనూ పడదు. ముప్పై ఏళ్లు అస్సెన్ ఊరి పార్కుల్లో చెట్లు కత్తిరించి రిటైరయ్యాక ఊళ్లోవాళ్లకు మొక్కలు పెంచుకోవడానికి నేల అద్దెకిచ్చే తోటల సంఘంలో ఒక ముక్క తీసుకుంది. కంచె అవతలి ముక్క లుబ్బెర్ట్‌ది. సంఘానికి అతనే అధ్యక్షుడు. ఎవరి కంచె ఎంత ఎత్తుందో కొలవడానికి జేబులో టేపు లేనిదే గడప దాటడు. అతన్ని చూస్తేనే ఆమెకు ఒళ్లు మంట.

జూన్ మొదట్లో ఆమె అడవి చెర్రీ నిలువునా తెల్లబడింది. చిటారు కొమ్మ దాకా సాలెగూడులాంటి బూజు, లోపల వందల గొంగళిపురుగులు. ఒక్క ఆకు మిగల్లేదు. మర్నాటికల్లా చెట్టుకో కాగితం వేలాడింది. దురద పురుగు పట్టిందని, శనివారం అందరూ కలిసి తోట పని చేసేటప్పుడు ఆ చెట్టును నరికేస్తారట. అది ఆ నేలలో ఆమె నాటిన మొదటి చెట్టు.

"ఏమయ్యా అధ్యక్షా, కళ్లున్నాయా? బారులు తీరి నడుస్తూ దురద పుట్టించే ఊరేగింపు పురుగు తినేది ఓక్ ఆకు. ఇది చెర్రీ. పురుగును కాదు, ముందు చెట్టును చూడు!"

"గూడు గూడే వీట్స్కె. నెల రోజులు ఊరంతా గోక్కోవాలా? రంపం తెప్పించా."

"ఆ రంపం నీ నెత్తిన పెట్టుకో!"

శనివారం అందరూ కాఫీ, తలా ఒక బిస్కెట్టుతో కూర్చున్నారు. వీట్స్కె చొక్కా చెయ్యి మడిచి, పురుగులతో సహా ఆ బూజును లాగి మోచేతి దాకా చుట్టుకుంది. "చూడండి, కళ్లారా చూడండి!" అరగంట అలాగే కూర్చుంది. ఒక్క దద్దురు రాలేదు. రంపం వెనక్కి వెళ్లిపోయింది. లుబ్బెర్ట్‌కు తల కొట్టేసినట్టయింది.

లుబ్బెర్ట్ ఓక్ చెట్టు మీద బూడిదరంగు గూడొకటి ఉంది. అసలు ఊరేగింపు పురుగు గూడు అదే. వీట్స్కె వారం కిందటే చూసింది. గోక్కుని చావనీ అనుకుని నోరు మెదపలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె కంచె మీదుగా చూసింది. లుబ్బెర్ట్ నిచ్చెనెక్కి, చొక్కా చేతులు మడిచి, ఆ గూటిని వట్టి చేతులతో పీకుతున్నాడు.

"చెయ్యి తియ్యి! దిగు!"

"చాల్లే! పొద్దున నువ్వే కదా చేసి చూపించావు. నేర్చుకున్నా!" అంటూ గుప్పెడు పీకి ఊపి చూపించాడు.

ఆమె మోచేతుల దాకా గ్లోవ్స్ తొడుక్కుని, పార్సెళ్లకు అంటించే టేపు పట్టుకుని వెళ్లేసరికి అతను నిచ్చెన దిగాడు, ముంజేతులు ఎర్రబడ్డాయి.

"నీకు గ్లోవ్స్ ఎందుకు?"

"ఇది ఓక్ చెట్టు, మొద్దు మొహమా! గోకావంటే చేతులు విరుస్తా." చేతుల్లో గుచ్చుకున్న పురుగుల నూగును లాగేయడానికి టేపు అతని చర్మం మీద అంటించి చర్రున పీకింది.

"అబ్బా! నెమ్మదిగా లాగవే తల్లీ!"

"నోర్ముయ్."

మూడోసారి పీకాక, తలెత్తకుండా అంది. "ఈ గూటిని వారం కిందటే చూశా. కావాలనే చెప్పలేదు."



"రాక్షసీ," అని లుబ్బెర్ట్ రెండో చెయ్యి చాచాడు. ఆమె ఇంకో ముక్క చింపింది. ఈసారి నెమ్మదిగా లాగింది.