ఊది చూసే పెదనాన్న

ఆ ఇంట్లో ఎవరు వజ్రం కొనాలన్నా ముందు పెదనాన్న దాని మీద ఊదాలి. చొక్కా జేబులో భూతద్దం, పెదవి చివర జాలి నవ్వు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. దుకాణంలో కుర్చీ ముందుకు లాక్కుని రంగు, కోత, మచ్చ అంటూ నగలు అమ్మేవాడికే పాఠం మొదలుపెడతాడు. "అసలు వజ్రం మీద ఆవిరి నిలవదమ్మా, ఇట్టే పోతుంది. గాజుముక్కయితే మబ్బు పట్టినట్టు ఉండిపోతుంది" అని, నోరు బార్లా తెరిచి 'హా' అని ఊదుతాడు. పొద్దున ఆయన తిన్న ఉల్లిపాయ ఎంత ఘాటైనదో కౌంటర్ అవతలివాళ్ళకు కూడా తెలిసిపోతుంది.

మొన్న తమ్ముడి కూతురు ఉంగరం కొనుక్కోబోతే వెంటపడి వెళ్ళి, పిల్ల ముచ్చటపడిన ప్రతిదాన్నీ పెదవి విరిచి పక్కకు నెట్టేశాడు. "అసలు సరుకంటే ఎలా ఉంటుందో చూడు" అంటూ తోడొచ్చిన పెద్దమ్మ చెవులకున్న వజ్రాల దుద్దులు తీయించాడు. పెళ్ళైన కొత్తలో ఆయనే ఏరికోరి కొన్నవి అవి. ఊదాడు. ఆవిరి కదల్లేదు. పంచె చెంగుతో తుడిచి మళ్ళీ ఊదాడు. ఈసారి ఇంకా చక్కగా పట్టింది.

"ఇక్కడ ఏసీ మరీ ఎక్కువ పెట్టారు" అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ దుద్దులు అందుకుని తిరిగి చెవులకు పెట్టుకుంటూ, "మీరీ పాఠం మొదటిసారి చెప్పిన రోజే వంటింట్లోకెళ్ళి ఊది చూసుకున్నానండీ. ఆవిరి పోలేదు. మీ పరువు పోతుందని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నా" అంది. ఆపైన పిల్ల వైపు తిరిగి, "నీకు నచ్చింది తీసుకోవే" అంది.