అయిదు రొట్టెల వేడి

లోయలో ఇల్లు కట్టించుకునే ప్రతివాళ్ళకీ వడ్రంగి గెభార్డ్ మొదటి రోజే ఒక మాట చెప్పేవాడు. "ఆకారం మీ ఇష్టం. పడవలా కట్టమంటే పడవలా కడతా, పుట్టగొడుగులా కట్టమంటే పుట్టగొడుగులా కడతా. లెక్క మాత్రం నాది."

ఆ లెక్క, మంచు నడుములోతు పడినా పొయ్యి రాజేయకుండా ఇల్లు వెచ్చగా నిలిచే లెక్క. గోడ మూరెడు మందం ఉండాలి. కిటికీకి మూడు అద్దాలుండాలి. సూది మోపేంత సందు కూడా ఉండకూడదు. తండ్రి దగ్గర రంపం పట్టి పెరిగిన మనిషి, నలభై దాటాక పట్నం వెళ్ళి, కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని ఆ లెక్క నేర్చుకొచ్చాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక బీరు బల్ల దగ్గర స్నేహితులు ఆటపట్టించేవాళ్ళు.

"గెభార్డ్ ఇంట్లో పిత్తితే వసంతం దాకా అక్కడే ఉంటుందటరా!"

"దానికీ గొట్టం పెట్టానురా," అనేవాడు గెభార్డ్. "వేడి లాగేసుకుని వాసన ఒక్కటే బయటికి పంపిస్తా. కావాలంటే నీ ఇంటివైపు తిప్పుతా."

చివరికి సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు భార్య ఒట్టీలియా అడిగినవన్నీ గీశాడు. ఒకవైపుకే వాలిన కప్పు గీశాడు. ఆమె శనివారం శనివారం రొట్టె కాల్చుకునే చోట కూర్చోడానికి కిటికీ అరుగు గీశాడు. పడకగదిలో మంచం మీంచే కొండ కనబడాలంటే గోడంత అద్దం గీశాడు. తెరుచుకునే రెక్క పెడితే చట్రంలోంచి వేడి పోతుందని అద్దాన్ని కదలకుండా బిగించేశాడు.

"ఇంకొక్కటి," అంది ఒట్టీలియా. "పడకగది గోడకి చిన్న కంత. జానెడు చాలు."

పై వాలులో ఆమె పుట్టిన పాత చెక్క ఇంట్లో అలాంటిది ఉంది. పక్కకి జరిపే చెక్క మూత. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మాత్రమే తీస్తారు, ఆత్మ వెళ్ళడానికి. వెళ్ళగానే మూసేస్తారు, మళ్ళీ రాకుండా.

గెభార్డ్ పెన్సిల్ చెవి మీద పెట్టుకుని నవ్వాడు. "గాలి చొరకుండా ఇన్ని తంటాలు పడుతుంటే నువ్వు కంత పెట్టమంటావేమే? ఊరంతా నవ్వుతారు."

"నవ్వనీ. లెక్క వేసి చూడు."

"దీనికి లెక్కెందుకు? కంత కంతే."

"మరి నేనెలా పోనూ, చచ్చాక?"

"గాలి గొట్టం ఉందిగా. దాన్లోంచి పో. వేడి మాత్రం నాకు వదిలేసి వెళ్ళు."

ఆమె కూడా నవ్వింది. మళ్ళీ అడగలేదు.

ఇల్లు పూర్తయ్యాక, గాలి ఎక్కడైనా కారుతోందేమో చూసే పరీక్ష రోజున తలుపు చట్రంలో పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో గాలి లాగారు. గెభార్డ్ సాంబ్రాణి కడ్డీ వెలిగించి మూలమూలా తిరిగాడు. ఎక్కడా పొగ చెదరలేదు. గాలి కారే లెక్క సున్నా పాయింట్ ఆరు దాటకూడదు, సున్నా పాయింట్ మూడే వచ్చింది. లోయలో అంత బిగువైన ఇల్లు ఇంకొకటి లేదు. ఒట్టీలియా అందరికీ రొట్టె కోసి పెట్టింది.

ఆ ఇంట్లో ఆమె మూడు చలికాలాలు ఉంది. మూడో చలికాలం సగంలో, కడుపులో పుండు ముదిరి, కొండ కనబడే ఆ మంచం మీదే ఒక ఉదయం పోయింది.

పొరుగింటి క్రెసెన్స్ ఆ చివరి వారమంతా దగ్గరే ఉంది. లేచి శిలువ గుర్తు వేసుకుని అద్దం దగ్గరికి నడిచింది. చట్రం మీద ఒకసారి చెయ్యి పాకించింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మళ్ళీ పాకించింది.

"పిడి ఏదయ్యా?"

"లేదక్కా."

ఆమె వసారాలోకి వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది. మంచుగాలి చెప్పుల వరస మీదికి వచ్చింది గానీ, మలుపు తిరిగి పడకగది దాకా రాలేదు.

గెభార్డ్ లేచి మెట్ల కింది గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఇంట్లోని పాతగాలిని గొట్టంలోంచి బయటికి పంపే యంత్రం సన్నగా మోగుతోంది. మూత విప్పి, బయటికి పోయే గొట్టానికి అడ్డంగా ఉన్న వడపోత గుడ్డను బయటికి లాగాడు. దానికి అంటుకున్న దుమ్ములో పిండి ఉంది, వంటింటి పిండి. యంత్రం మీద హెచ్చరిక ఎర్ర దీపం వెలగడం, ఆరడం మొదలుపెట్టింది. "ఇటు," అన్నాడు మెల్లిగా. "ఇటు రావే."

కాసేపటికి క్రెసెన్స్ గుమ్మంలో నిలబడింది. "తలుపు వేసేశాను. నువ్వూ మూసెయ్ తమ్ముడూ. తెరిచి ఉంచకూడదు."

"మూస్తా," అన్నాడు.

ఖననం అయిన మూడో రోజు కాగితం ముందేసుకున్నాడు. జానెడు కంత, నాలుగు వేళ్ళ మందం మూత, చుట్టూ ఉన్ని పట్టీ. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ, ప్రతి మేకుకీ లెక్క వేసినవాడు దీనికి మొదటిసారి వేశాడు. ఏడాదికి పోయే వేడి, అయిదు రొట్టెలు కాల్చేంత. తప్పు పోయిందేమోనని మళ్ళీ వేశాడు. అయిదే. ఒట్టీలియా ఏడాదికి యాభై రొట్టెలకు పైగా కాల్చేది.

శనివారం క్రెసెన్స్ రొట్టె తెచ్చింది. మెట్ల కింద ఎర్ర దీపం ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"ఇంకా మూయలేదూ?"

"మూస్తా అక్కా."

గుడ్డ దులిపి, మడిచి, కిటికీ అరుగు మీద పెట్టి ఉంది. ఆమె వెళ్ళాక కూడా అతను దాన్ని తీయలేదు. మూసేస్తే మళ్ళీ రాదుగా.